చూపించేవాడు

ఆంజినమ్మ మూడు రాళ్ళు తెచ్చి పెరట్లో పడమటి గోడ పక్కన పెట్టింది. వాటి మీద సట్టి ఎత్తి, కింద పుల్లలు అంటించింది.

"ఈ పొద్దు నుంచి మా వంట ఈడ. లోపలి పొయ్యి వాళ్ళనే వాడుకోమను," అంది.

ఎవరికి చెబుతోందో వేరే చెప్పనక్కర్లేదు. తోడికోడలు ఓబమ్మ బియ్యం చేటతో వంటింటి గడపలో నిలబడి ఉంది. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరి కుటుంబాలకూ ఒకటే పొయ్యి.

"మెల్లగా మాట్లాడక్కా. నడింట్లో పిల్ల మేలుకోనే ఉండాది. వింటుంది."

"విననీ. పోయింది కన్నే గదా. చెవులు మిగిల్చినారు గదా."

నడింట్లో నులకమంచం మీద ఆంజినమ్మ కూతురు రామలక్ష్మి రెండు కళ్ళకూ కట్టుతో పడుకుని ఉంది. పది రోజుల కిందట కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో యాసిడ్ చిమ్మి ముఖం మీద పడింది. కుడి కంటికి భయం లేదు, ఎడమ కంటి మీద ఆశ పెట్టుకోవద్దని అనంతపురం డాక్టరు చెప్పి నిన్ననే ఇంటికి పంపాడు. ఆ రోజు ల్యాబులో తరగతి నడిపింది పరాయివాడు కాదు. సొంత చిన్నాయన చిన్నప్ప.

చిన్నప్ప ముఖం కడుక్కుని తువ్వాలుతో పెరట్లోకి వచ్చాడు. మూడు రాళ్ళ పొయ్యి చూశాడు.

"వదినా, నన్ను ఏమైనా అను. పొయ్యి మాత్రం వేరు చెయ్యొద్దు."

"నిన్ను ఏమనాలో నాకు తెలిస్తే గదా. పదేండ్లాయ, నీ ఉద్యోగం పేరే నా నోటికి తిరగలే."

ఆ మాట నిజమే. పదేళ్ళ కిందట, అరవై ఎనిమిదిలో, ధర్మవరంలో కమిటీ నడిపే కాలేజీ నుంచి 'డెమాన్‌స్ట్రేటర్' అని ఆర్డరు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. తండ్రి శ్రీరంగప్ప ఆ కాగితం పట్టుకుని తెలుగు పండితుడి దగ్గరికి వెళ్ళాడు. ప్రదర్శకుడు అని ఆయన చెప్పాడు. మగ్గాల వీధిలో ఆ మాట సాయంత్రానికల్లా పాకింది. నీ చిన్న కొడుకు తోలుబొమ్మలు ఆడిస్తాడా అని ఒకరిద్దరు శ్రీరంగప్పను మొహం మీదే అడిగారు. ఆందోళనల ఏడాది బస్సు ఆపి సోదా చేసిన పోలీసు, గుర్తింపు కార్డు మీద డెమాన్‌స్ట్రేటర్ అని చూసి, ఊరేగింపుల నాయకుడనుకుని చిన్నప్పను సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టాడు. ఇంట్లో అందరూ దాన్ని చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

ముందు గదిలో మగ్గం గుంతలో కూర్చున్న శ్రీరంగప్ప అక్కడి నుంచే అన్నాడు. "వాడు కాలేజీ అయ్యవారు. ఇంగో పేరు ఏంటికి?"

ఆంజినమ్మ లేచి నిలబడింది.

"అయ్యవారైతే అయ్యవారి మాదిరి పిల్లోళ్ళను చూసుకోవల్ల మామా. కాకుంటే కాదని చెప్పల్ల. ఏదో ఒకటి చెప్పమను. పది దినాలాయ, ఈ మనిషి నోరు తెరిచింది లేదు."

చిన్నప్ప తువ్వాలు భుజాన వేసుకుని ఇంట్లోకి నడిచాడు. అన్న పెద్దన్న, ఆంజినమ్మ మొగుడు, రెండో మగ్గం మీద తెగిన పోగు వెతుకుతున్నాడు. చాలాసేపటి నుంచి అదే పోగు వెతుకుతున్నాడు. పక్కిళ్ళలో మగ్గాలు టకటకమంటున్నాయి. ఈ ఇంట్లో పది రోజులుగా ఆ చప్పుడు లేదు.

చిన్నప్ప చొక్కా జేబులో కాలేజీ మెమో ఉంది. ప్రమాదం జరిగినప్పుడు మీరు ఏ హోదాలో తరగతిలో ఉన్నారు, మీ బాధ్యత ఏమిటి, రాతపూర్వకంగా తెలియజేయండి. గడువు రేపు.

*

మధ్యాహ్నం కెమిస్ట్రీ హెడ్డు నారాయణప్ప స్కూటరు మీద వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. శ్రీరంగప్ప మగ్గం గుంతలోంచి లేచి కుర్చీ వేశాడు. చిన్నప్ప నిలబడే ఉన్నాడు.

"కూర్చో చిన్నప్పా. నీ ఇల్లే గదా."

"పర్వాలేదు సార్."

"మెమోకి ఏం రాస్తాండావు?"

"ఇంకా రాయలేదు సార్."

నారాయణప్ప జేబులోంచి టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీ మేలు కోరి నేనే రాయించినా. విను. డెమాన్‌స్ట్రేటర్ అనేవాడు బోధకుడు కాడు. సీసాలు, పరికరాలు సర్దడం, చెప్పింది చెప్పినట్టు చూపించడం, అంతే అతని పని. విద్యార్థుల పొరపాట్లకు అతను బాధ్యుడు కాడు. ఇది నీ మాటగా సంతకం పెట్టు. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

"నేను తరగతులు చెప్తాండా సార్. పదేండ్లుగా."

"చెప్తాండావు. చెప్పమని ఎవురు రాసిచ్చినారు?"

చిన్నప్ప జేబులోని మెమోను చేత్తో తడుముకున్నాడు.

"నీకు ఆ పేరు యాడినుంచి వచ్చిందో తెలుసునా?" నారాయణప్ప కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఐదారు వందల ఏండ్ల కిందట, యూరప్‌లో వైద్యం చెప్పే కాలేజీల్లో శవాన్ని కోసి పాఠం చెప్పేవాళ్ళు. ఒకాయన ఎత్తైన కుర్చీలో కూర్చొని పుస్తకం చదువుతాడు. ఆయన శవాన్ని ముట్టడు. లెక్చరర్ అంటే మూలంలో చదివేవాడు అనే. కింద ఒకడు కోస్తాడు. ఆ ఇద్దరి నడుమ ఇంకొకడు బెత్తం పట్టుకొని, పైన చదివింది యాడుందో వేలెత్తి చూపిస్తాడు. వాడే నువ్వు. చదవవు, కొయ్యవు. చూపిస్తావు. వేలికి ఎవురన్నా శిక్ష వేస్తారా?"

"పైన కుర్చీలో మీరు లేరు గదా సార్ ఆ పొద్దు," అన్నాడు చిన్నప్ప.

నారాయణప్ప కాలు దించాడు. "నేను కమిటీ మీటింగులో ఉండా. అది రికార్డులో ఉండాది."

శ్రీరంగప్ప అడిగాడు. "ఈ కాగితం మీద పెడితే, ముందు ముందు వీడు లెక్చరరు అవుతాడా?"

"యాడైతాడు పెద్దాయనా? బోధకుడు కాదని తానే రాసిస్తే లెక్చరరు జాబితాలో ఎట్ల ఎక్కిస్తారు? ఈ నెలలోనే డెమాన్‌స్ట్రేటర్లలో ఎమ్మెస్సీ ఉండేవాళ్ళను లెక్చరర్లుగా మారుస్తాండారు. వీడు ప్రైవేటుగా కట్టి పాసయినాడు, అర్హత ఉండాది. కానీ ఉద్యోగమే పోతే అర్హత ఏం చేసుకుంటాడు?"

ఆయన కాగితం కుర్చీలో పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి వినబడేట్టు అన్నాడు. "ఆడపిల్లలకు ఈ సైన్సు గ్రూపులు ఏంటికని కమిటీలో కొందరు ముందు నుంచీ అంటానే ఉండారు. వాళ్ళ నోటికి ఇంగ అడ్డం ఉండదు."

స్కూటరు వీధి మలుపు తిరగకముందే ఓబమ్మ బయటికి వచ్చింది.

"పెట్టు సంతకం."

"ఓబమ్మా, నువ్వు లోపలికి పో."

"ఏంటికి పోవల్ల? ఇద్దరు ఆడపిల్లలు ఉండారు మనకు. ఉద్యోగం ఊడితే నీకు మగ్గం కూడా చేతకాదు. పోగు పట్టుకుంటే తెంపుతావు. నిన్ను చదివించినామని మీ నాయన ఊరంతా చెప్పుకున్నాడు. రేపు నాకు, నా పిల్లోళ్ళకు ఎవురు పెడ్తారు? మీ వదినా?"

శ్రీరంగప్ప కుర్చీలోని కాగితం తీసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రేయ్ చిన్నోడా. నీ అన్నను అయిదో క్లాసులో బడి మాన్పించి మగ్గంలో కూర్చోబెట్టినా, నువ్వు అయ్యవారు కావాలని. ఇప్పుడు కాదని నీ చేత్తో రాసిస్తావా? రాస్తే నాకు ఇద్దరు కొడుకులు లేరనుకుంటా."

"అన్నం పెట్టేది పేరా మామా, ఉద్యోగమా?" అంది ఓబమ్మ.

"నువ్వు మధ్యలో మాట్లాడొద్దు."

"మాట్లాడతా. ఈ ఇంట్లో మాట్లాడేదానికి నేనొక్కదాన్నే మిగిలినా."

చిన్నప్ప తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పెడతానని అనలేదు. పెట్టనని అనలేదు.

*

ఎండ వాలుతుండగా నడింట్లోంచి రామలక్ష్మి పిలిచింది.

"చిన్నాయనా, ఉండావా?"

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల అతన్ని పిలవడం అదే మొదలు. చిన్నప్ప మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. చెంప మీద యాసిడ్ పడిన చోట చర్మం నల్లగా ముడుచుకుని ఉంది. అతను అటు చూడలేదు.

"హెడ్డు సారు చెప్పిందంతా వింటి. గూట్లో నా పెద్ద డిక్షనరీ ఉండాది, తియ్యి. నీ ఉద్యోగం పేరు చదువు. ఆయప్ప చెప్పింది నిజమో కాదో చూద్దాం."

ఇంటరులో జిల్లా ఫస్టు వచ్చినప్పుడు ఇచ్చిన బహుమతి అది. చిన్నప్ప దుమ్ము తుడిచి, పేజీలు తిప్పి, ఆ మాట దగ్గర వేలు పెట్టాడు.

"చూపించు అని ఉండాది. ఎత్తి చూపు. ఉదాహరణతో వివరించు."

"ఇంకా?"

"రుజువు చెయ్యి. సందేహం లేకుండా నిరూపించు. గుంపుగా పోయి నిరసన తెలుపు."

"మూలం ఇచ్చింటారు గదా చివరన. బ్రాకెట్లో."

"లాటిన్ నుంచి వచ్చిందంట. మాన్‌స్ట్రారే, చూపించడం. అది మాన్‌స్ట్రుమ్ అనే మాట నుంచి. అంటే రాబోయే చెడుకు గుర్తు, అపశకునం." అతను ఆగాడు.

"చదువు చిన్నాయనా."

"అది మోనేరే నుంచి పుట్టిందంట."

"అంటే?"

అతను పేజీ మీంచి వేలు తీశాడు. వీధిలో ఎవరో బిందెతో నీళ్ళు మోసుకుపోతూ ఇంకొకరిని పక్కకు జరగమంటున్నారు.

"హెచ్చరించడం," అన్నాడు చివరికి.

రామలక్ష్మి దుప్పటి కొసను వేళ్ళతో చుడుతూ ఉంది.

"ఆ పొద్దు డ్రమ్ములో నీళ్ళు లేవని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"కొళాయి కూడా రాలేదు గదా."

"వారం నుంచి రాలేదు. పరీక్షలు దగ్గరికొచ్చినాయి, ఎట్లైనా ప్రాక్టికల్ ముగించమని హెడ్డు సారు చెప్పినాడు. అటెండరును హాస్టలు బాయికి పంపించినా. తెస్తాడు గదా అనుకున్నా."

"నీళ్ళు ముందు పోసుకొని, ఆ నీళ్ళలోకి యాసిడ్ కొంచెం కొంచెంగా వదలాలని మాకు నేర్పించింది నువ్వే. యాసిడ్ మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుందని నేర్పించింది కూడా నువ్వే. ఆ పొద్దు మాత్రం, టైము పోతాండాది, యాసిడ్ కొలిచి బీకరులో పెట్టుకోండి, నీళ్ళు వస్తాండాయి అన్నావు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నీళ్ళు రాగానే అందరూ ఎగబడినారు. నేనూ తెచ్చుకొని దాంట్లోనే పోసేసినా. నాకు తెలుసు గదా, అయినా పోసినా. ఆ మాట నువ్వు చెప్పినావని నేను ఎవురితోనూ అనలే చిన్నాయనా. డాక్టరు అడిగినా అనలే. అమ్మ అడిగినా అనలే."

"నాతో ఇప్పుడంటివి గదా."

ఆ మాట గుమ్మంలోంచి వచ్చింది. ఆంజినమ్మ చేతిలో జావ గిన్నెతో నిలబడి ఉంది.

చిన్నప్ప లేచాడు. డిక్షనరీ కింద పడింది.

"వదినా."

"నీ నోటితో చెప్పినావా, యాసిడ్ ముందు పోసుకోమని?"

"చెప్పినా."

"కండ్లు కడిగేదానికి కూడా చుక్క లేదని తెలిసే చెప్పినావా?"

"తెలిసే."

ఆమె గిన్నెను నేల మీద పెట్టింది. "అటెండరు బిందె తీసుకొని మళ్ళ బాయికాడికి పోయి వచ్చేదాకా నా బిడ్డ ఆడ పొర్లాడిందంట. పక్క పిల్లోళ్ళు చెప్పినారు. వాళ్ళందరికీ తెలిసిన మాట ఈ ఇంట్లో నాకు తెలీకపాయ. రాత్రి కూడా నీకు నీళ్ళు తోడిపెట్టినా, అన్నం వడ్డించినా. అంతా తింటివి."

ముందు గదిలో మగ్గం పలక కదిలిన చప్పుడైంది. పెద్దన్న నడింట్లోకి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. చిన్నప్ప కంటే పెద్దన్న ఒక జానెడు పొట్టి. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని నడుము వంగింది.

"చిన్నోడా, నేను నిన్ను కొట్టను," అన్నాడు పెద్దన్న. "కొడితే నా కోపం తీరిపోతుంది. అది తీరకూడదు."

అతను కూతురి దగ్గర కూర్చుని జావ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఇంక చిన్నప్ప వైపు చూడలేదు.

"రేపు రాసిస్తా, అన్నా," అన్నాడు చిన్నప్ప. "జరిగింది జరిగినట్టు రాసిస్తా. నేను అయ్యవారినే అని రాస్తా. తప్పు నాదే అని రాస్తా."

ఓబమ్మ వంటింటి గోడకు ఆనుకుని ఆ మాట విన్నది.

*

మర్నాడు పదిన్నరకు చిన్నప్ప కాలేజీ ఆఫీసులో గుమాస్తా ముందు తన జవాబు పెట్టాడు. రెండు పేజీలు, సొంత చేతిరాత. నేను బోధకుడిని. నీళ్ళు లేవని తెలిసీ ప్రాక్టికల్ మొదలుపెట్టాను. యాసిడ్ ముందు కొలుచుకోమని చెప్పింది నేను. డిపార్ట్‌మెంటు హెడ్డు ఆ సమయంలో ల్యాబులో లేరు. తరగతి ముగించమన్నది వారు. విద్యార్థిని తప్పు ఏమీ లేదు.

గుమాస్తా ముద్ర కొట్టి, తేదీ వేసి, ఫైల్లో పెట్టాడు. నారాయణప్ప టైపు చేయించిన కాగితాన్ని చిన్నప్ప సంతకం లేకుండానే ఆయన గదిలో బల్ల మీద పెట్టాడు.

"రాసిచ్చేసినా సార్. నా మాట వేరే రాసినా."

నారాయణప్పకు కోపం రాలేదు. అది చూసి చిన్నప్పకు మొదటిసారి భయం వేసింది.

"ఏంటికి తొందరపడితివి చిన్నప్పా? నీ జవాబుతో పని లేకుండా పోయె గదా. తొమ్మిదింటికే అంతా ముగిసింది. కొత్త లెక్చరర్ల జాబితాకు నీ పేరు కూడా రాసి పంపించినాం."

"ఏం ముగిసింది సార్?"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి తిప్పి చూపించాడు. నేను బోధకుల సూచనలను పాటించక, నా సొంత అజాగ్రత్త వల్ల ప్రమాదం తెచ్చుకున్నాను. ఇందులో కాలేజీ సిబ్బంది తప్పేమీ లేదు. ఇకపై సైన్సు గ్రూపులో కొనసాగను. కింద రామలక్ష్మి సంతకం. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయి ఉన్నాయి. దాని పక్కన సాక్షి సంతకం ఉంది. పదేళ్ళ కిందట తానే పలక మీద రాయించి నేర్పిన ఓ, బ, మ వత్తు.

"పొద్దున ఏడింటికే మా ఇంటికొచ్చి అడిగింది మీ ఇంటామె, ఏం చేస్తే నీ ఉద్యోగం నిలుస్తుందని," అన్నాడు నారాయణప్ప. "రాసిచ్చినా. తొమ్మిదిలోపల సంతకంతో తెచ్చిచ్చింది. నీకంటే ఆమెకు లోకం తెలుసు. ఇప్పుడు ఒకే ఫైల్లో రెండు కాగితాలు ఉండాయి. ఒకటి అబద్ధం కావల్ల. నీది వెనక్కి తీసుకుంటే లెక్చరరువి. తీసుకోకుంటే, ఆ పిల్ల అబద్ధం రాసిచ్చిందా అని కమిటీ ఆ పిల్లనే పిలిపించి నిలబెడుతుంది. సాయంత్రం లోపల చెప్పు."

చిన్నప్ప ఇంటికి ఎట్లా నడిచి వచ్చాడో అతనికే తెలియదు. పెరట్లో ఓబమ్మ లోపలి పొయ్యి బూడిద ఎత్తిపోస్తోంది. గోడ పక్కన రెండో పొయ్యి దగ్గర ఆంజినమ్మ ఉంది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం.

"ఏం చేస్తివి?" అన్నాడు.

ఓబమ్మ దాచలేదు. బూడిద చేట కింద పెట్టింది.

"నువ్వు చెయ్యలేనిది చేసినా. మీ నాయనకు అయ్యవారి పేరు కావల్ల, వచ్చింది. నాకు ఉద్యోగం కావల్ల, నిలబడింది. కన్ను ఎట్లా తిరిగి రాదు."

"రెండు కండ్లకూ కట్టుండే పిల్ల చేత సంతకం పెట్టిస్తివి. ఏమని చెప్పి పెట్టిస్తివి?"

ఆంజినమ్మ మంట ముందు నుంచి మెల్లగా తల తిప్పింది. "ఏం సంతకం?"

ఓబమ్మ మొదటిసారి చూపు తిప్పుకుంది. ముందు గదిలో పెద్దన్న మగ్గం దిగిన చప్పుడు వినబడింది.

"ఏం సంతకమని అడుగుతాండా," అంది ఆంజినమ్మ.

నడింట్లోంచి, మంచం మీది నుంచి, రామలక్ష్మి గొంతు వినబడింది.

"చిన్నమ్మా, పొద్దున నాతో పెట్టించుకుంటివే, అది సెలవు చీటీ కాదా?"